గాంధీజీని ప్రశ్నించడం అగౌరవమా? కాస్త సలహా చెప్పండి

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వక్తృత్వ పోటీకి గాంధీజీ గురించి రెండు పేజీలు రాసుకుంది. 1934 బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని ఆయన అనడం, టాగోర్ దాన్ని తప్పుపట్టడం అందులో ఉన్నాయి. టీచరు ఆ పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘పెద్దలను విమర్శించరాదు’ అని రాశారు. విచిత్రమేమిటంటే, టాగోర్ విమర్శను గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేశారు! రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ నిర్మాణ సభలో అంబేడ్కర్ చేసిన హెచ్చరికనూ పిల్ల చేర్చింది. ఎందుకో దాని జోలికి మాత్రం ఆవిడ వెళ్లలేదు.

టీచరంటే అమ్మాయికి ప్రాణం, గొడవ పెట్టుకోలేను. టాగోర్ విమర్శ, గాంధీజీ జవాబు తెలుగులో ఎక్కడైనా దొరుకుతాయా? ఆవిడ నొచ్చుకోకుండా మాట ఎలా మొదలుపెట్టాలి? పోటీ శుక్రవారమే.