సమస్య: “నల్లనైన యింట తెల్లవాఱె”

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదీ. ఇరాన్ కవయిత్రి ఫొరూగ్ ఫరోఖ్‌జాద్‌ను వదిలి పూరించకూడదు. పండక్కి ఇంటికి సున్నం కొట్టించిన పూరణలు వస్తే తీసేస్తాను. ఎవరు పంపుతారో నాకు తెలుసు.

కొత్తచిగురు: న–తె యతి ఎలా కుదిరిందండీ?

నిర్వాహకుడు: ప్రాసయతి. నల్ల–తెల్లల్లో రెండో అక్షరం ‘ల్ల’ కలిసింది. తర్వాత?

గోస్తనీతీరం:
కుష్ఠురోగులున్న గూటిలో బాలుండు
ఇల్లు నలుపటంచు నిలిపె పలక
కన్నులార్ప కతివ కనుగొనె నొప్పుల
నల్లనైన యింట తెల్లవాఱె

తబ్రీజ్ దగ్గర బాబాబాగీ కుష్ఠురోగుల కాలనీలో 1962లో ఆమె 12 రోజుల్లో తీసిన డాక్యుమెంటరీ ఇందులో విషయం. ‘ఇల్లు’ అన్న మాటతో వాక్యం రాయమంటే అక్కడి బడిపిల్లవాడు ‘ఇల్లు నల్లగా ఉంది’ అని రాస్తాడు. సినిమా పేరు అదే. మూడో పాదంలో శ్లేష చూడగలరు.

ఆరోగణం: శ్లేష తర్వాత చూద్దాం గోస్తనిగారూ. ‘నిలిపె’లో ‘ని’ పుట్టుకతోనే ‘ని’. ద్రుతం (ముందు పదం చివరి నకారం) నుంచి వచ్చినది కాదు. ఇ–ని యతి ఏ లెక్కన వేశారు? బాలుండు–ఇల్లు విసంధి పాదాంతంలో ఉంది కాబట్టి వదిలేస్తున్నాను. పైగా ఆ పిల్లవాడు రాసింది పలక మీద కాదు, క్లాసులో నల్లబల్ల మీద.

గోస్తనీతీరం: ‘నెంచి దిద్దె’ అని మార్చుకుంటాను. సరిపోయిందా?

ఆరోగణం: ఇప్పుడు పద్యం.

పలనాటిపద్యం: మాస్టారూ, ఆయన యతి పట్టుకుని మీరు ‘నొప్పుల’ను దాటేశారు. కనుగొనెన్ + ఒప్పుల అంటే అందాలు కనిపెట్టింది. విడదీయకుండా చదివితే నొప్పులు. ఆ క్లాసులోనే అందవిహీనమైనవి చెప్పమంటే ‘చెయ్యి, కాలు, తల’ అని జవాబు వస్తుంది. అదంతా ఈ ఒక్క మాటలో పట్టింది. ఇంతకీ పోయిన ఉగాదికి మీరిచ్చిన కందం గుర్తుందా? ఆరో గణం నలమో జగణమో కావాలి. పేరు ఆరోగణం, భగణం పడిందీ ఆరోగణంలోనే.

ఆరోగణం: అది టైపు తప్పని అప్పుడే చెప్పాను. ఇదిగో నా పూరణ.

కన్నకొడుకు నామె కడకు రానీయక
కట్టుబాటు తలుపు గడియ వైచె
ముప్పదియును రెండు ముగియగా బ్రదుకిట్లు
నల్లనైన యింట తెల్లవాఱె

‘బతుకు తెల్లారింది’ అంటాం కదా, ఆ తెల్లవారడం. 16 ఏళ్ళకే పెళ్ళి, 1955లో విడాకులు, కొడుకు తండ్రివైపు వాళ్ళ దగ్గరే ఉండిపోయాడు. 1967 ఫిబ్రవరిలో కారు ప్రమాదం.

నిర్వాహకుడు: ఈ పాదాన్ని ఇలా తిప్పుతారని అనుకోలేదు! భేష్.

వెన్నెలవాకిలి: విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆరోగణంగారూ, ఆమె పోయింది రోడ్డు మీద, ఎదురొచ్చిన బండిని తప్పించబోయి. నల్లని ఇల్లు ఎక్కడుంది? విడాకులకూ చావుకూ మధ్య పన్నెండేళ్ళు మీ మూడో పాదంలో మింగేశారు. గడియ వేస్తే లోపల కూర్చుని ఏడ్చిన మనిషి కాదావిడ. 1963లో ఆ డాక్యుమెంటరీకి జర్మనీలో ఓబర్‌హౌసెన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. 1964లో వచ్చిన సంపుటి ఆమె కవితల్లో అన్నిటికన్నా పెద్ద మెట్టు. ప్రతి కవయిత్రి మీదా మగవాళ్ళు ఏడుపు పద్యమే రాస్తారెందుకో! నాది:

కడుపు పంట వారు కాజేసి రననేల
పరుల పట్టిఁ దెచ్చి పట్టి యనియె
రోగివాడ వీడి రొమ్మున నవ్వగా
నల్లనైన యింట తెల్లవాఱె

షూటింగుకి వెళ్ళిన కాలనీలోనే రోగుల కొడుకు హుసేన్ కనిపించాడు. టెహ్రాన్ తీసుకొచ్చి పెంచుకుంది.

పలనాటిపద్యం: అక్కయ్యా, ‘పట్టిఁ దెచ్చి పట్టి’ దగ్గర ఆగిపోయాను. మార్కులన్నీ దీనికే.

ఆరోగణం: పద్యం బాగుంది. అయితే ‘వారు’ ఎవరు? ముందు పేరే రాలేదే. నన్ను ఇల్లెక్కడని అడిగారు గనక నేనూ అడుగుతున్నా. మీ నల్లనిల్లు కాలనీయా, టెహ్రాన్‌లో ఆమె ఇల్లా?

వెన్నెలవాకిలి: కొడుకు లేని ఆమె ఇల్లు. ‘వారు’ ఎవరో మీ పద్యంలో గడియ వేసినవాళ్ళని అడగండి.

గోస్తనీతీరం: ఒక సందేహం. ఛందస్సు మీద ప్రాణం పెట్టే మనకి ఫొరూగ్ ఎందుకండీ? అదే ఇరాన్ కవయిత్రి సిమీన్ బెహ్‌బహానీ ఉండగా! ఎవరూ వాడని వృత్తాలు వెతికి గజల్‌లోకి తెచ్చింది. ఆధునిక పారశీక కవిత్వానికి ఆద్యుడైన నీమా పేరు మీద ‘గజల్ నీమా’ అని పేరు. 2010లో పారిస్ బయల్దేరితే పాస్‌పోర్టు లాక్కున్నారు, అప్పటికి 80 దాటిన మనిషి.

పలనాటిపద్యం: ఫొరూగ్ మాత్రం ఛందస్సు ఎరగనిదా? మొదట్లో ప్రాస కట్టిన నాలుగేసి పాదాలే రాసింది. తర్వాత పాదాల పొడవు సడలించింది గానీ లయని గాలికి వదల్లేదు. మీరు యతిని వదిలినట్టు కాదు.

గోస్తనీతీరం: దిద్దుకున్నాను కదండీ!

నిర్వాహకుడు: వచ్చే వారం సిమీన్. కందపాదం ఇస్తాను. ఆరోగణంగారూ, టైపు చేశాక ఒకసారి లెక్కపెట్టుకోండి.