సర్వేల్లో, ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పినవాళ్లకు వచ్చిన ఇబ్బందులు: మీకు తెలిసినవి రాయండి

సునీత_వరంగల్:
రీసెర్చ్ వల్ల హాని అంటే అందరూ మందుల ట్రయల్స్ గురించే మాట్లాడతారు, ఉత్త ప్రశ్నలతో ఏమవుతుందిలే అనుకుంటారు. మా పిన్ని వాళ్ల ఊళ్లో మహిళా సంఘం వాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అప్పుల గురించి అడిగారు. ఒకావిడ మాటల్లో పడి, భర్తకు తెలియకుండా తెచ్చిన ఫైనాన్స్ అప్పు సంగతి చెప్పేసింది. వచ్చినవాళ్లు బయట పెట్టలేదు, నిజమే, కానీ పక్కన కూర్చున్నవాళ్ల నోరు ఎవరు ఆపుతారు? సాయంత్రానికల్లా ఇంట్లో పెద్ద గొడవ. అంతా రహస్యంగా ఉంచుతామని ముందే హామీ ఇచ్చారట. గుంపులో ఆ హామీ ఇవ్వడమే తప్పు.

కిరణ్_ఫీల్డ్:
నూటికి నూరుపాళ్లు నిజం సునీత గారూ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త కొట్టడం గురించిన ప్రశ్నలు ఇంటికి ఒక్క ఆడమనిషినే అడుగుతారు, ఎవరూ వినని చోటు దొరక్కపోతే ఆ భాగం వదిలేయాలి. అత్తనీ కోడలినీ ఇద్దర్నీ అడిగితే ఏం అడిగారో ఇంట్లో తెలిసిపోతుంది కదా. మేం వేరే సర్వేలో తిరిగినప్పుడు ఎవరైనా వచ్చి కూర్చుంటే వెంటనే పిల్లల టీకాల మీదికి మాట మార్చేవాళ్లం.

మనోజ్_సైకాలజీ:
కాలేజీలో ఒక ప్రయోగానికి వెళ్లాం. టెస్ట్ పెట్టి మార్కులు బాగా తక్కువన్నారు, అవి కావాలని ఇచ్చిన దొంగ మార్కులని చివర్లో చెప్పారు. మధ్యలో లేచి వెళ్లిపోయిన నా ఫ్రెండ్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు, నేను కలిసి చెప్పేదాకా వాడికి ఒకటే టెన్షన్. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు 1961లో మొదలుపెట్టిన ప్రయోగంలో, తప్పు జవాబు చెప్పిన మనిషికి కరెంట్ షాక్ పెంచుతూ ఇవ్వమంటే 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారని అందరూ చెప్తారు, వాళ్లలో చాలామంది చెమటలు పట్టి వణికిపోయారని ఎవరూ చెప్పరు. షాకులు ఉత్తుత్తివని తర్వాత తెలిసినా, తను అంతదాకా వెళ్లిన సంగతి మనిషి మర్చిపోగలడా?

పద్మజ_కె:
రిపోర్టులో జవాబు చెప్పినవాళ్ల పేరు మార్చితే చాలదండీ. ఫలానా మండలంలో రెండోసారి గెలిచిన దళిత మహిళా సర్పంచ్ అని రాశాక ఇంక పేరెందుకు? ఆవిడ ఎవరి మీద మాట్లాడిందో వాళ్లు ఇట్టే పట్టేస్తారు. స్టడీకి ఒప్పుకున్నట్టు పెట్టించుకునే సంతకం కాగితమూ అంతే, సెక్స్ వర్కర్లతో చేసే స్టడీలో ఒక్కోసారి వాళ్ల పేరున్న ఒకే ఒక కాగితం అదే. అమెరికా రూల్స్‌లో అలాంటప్పుడు సంతకం లేకుండా నోటిమాటగా ఒప్పుకోలు తీసుకునే వీలుంది.

సునీత_వరంగల్:
మా పిన్ని వాళ్ల ఊరి ఆవిడ ఇప్పుడు సంఘం మీటింగులకే రావట్లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

కిరణ్_ఫీల్డ్:
ముందు వాళ్లిచ్చిన సమాచార పత్రం వెతకమనండి, పద్ధతిగా చేసిన స్టడీ అయితే అందులో ఎథిక్స్ కమిటీ (స్టడీలో మనుషులకు హాని జరగకుండా చూసే కమిటీ) నంబరు ఉంటుంది. దొరికితే పేర్లు మూసేసి ఇక్కడ పెట్టండి, ఫిర్యాదు రాయడానికి నేను సాయం చేస్తాను. ఆవిడ ఒప్పుకుంటేనే సుమా.