ప్రతి వారం మీటింగ్ ఉండాల్సిందేనా?

పాత కార్యదర్శి:
మాది ఒక చిన్న సేవా క్లబ్. పేరు చెప్పను, చెప్తే మావాళ్ళు నన్ను గుర్తుపట్టేస్తారు. రోటరీ, లయన్స్ పద్ధతిలోనే నడుస్తుంది: గంట కొట్టడం, హాజరు రిజిస్టర్, ఒక వక్త, చివర్లో వందన సమర్పణ. వచ్చే నెల ఒక తీర్మానం ఓటింగుకు వస్తోంది. వారానికో మీటింగ్ మానేసి నెలకి రెండు పెట్టుకుందాం, మిగతా రెండు వారాలు ఏదైనా పని చేద్దాం అని. తీర్మానం పెట్టింది నేనే. క్లబ్ రెండు ముక్కలైపోయింది.

నేనెందుకు పెట్టానో చెప్తాను. కిందటి నెల ఒక మీటింగులో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నా. గంటన్నర మీటింగులో సేవా కార్యక్రమాల గురించి మాట్లాడింది పదకొండు నిమిషాలు. వక్తను పరిచయం చేయడానికే తొమ్మిది పట్టింది. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో, అందులో కళ్ళు మూసుకున్నాయని మళ్ళీ ఇంకో ఫొటో. రోడ్డు దాటడానికి భయపడే పెద్దాయన్ని ఒక్కణ్ణి చేయిపట్టుకుని దాటించినా ఆ సాయంత్రానికి ఇంతకంటే లెక్క ఉండేదనిపించింది. మీ అభిప్రాయాలు చెప్పండి.

లెక్కల మనిషి:
పూర్తిగా మీ పక్షమే. నేనూ ఒక క్లబ్‌లో ట్రెజరర్‌ని. వారం వారం మీటింగ్ అనేదాన్ని కొందరు వేదవాక్కులా చూస్తారు. దాని పుట్టుక చూస్తే అంత పవిత్రమేమీ కాదు. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ఇంకో ముగ్గురితో కలిసి ఒకాయన ఆఫీసులో కూర్చున్నాడు. తర్వాత వంతులవారీగా ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో కలిసేవాళ్ళు. అలా తిరుగుతూ ఉంటారు కాబట్టి రోటరీ అని పేరు. ఆ రోజుల్లో ఫోన్ అందరి ఇంట్లో లేదు, మనిషిని మనిషి చూడందే పని అయ్యేది కాదు. ఆ అవసరంలోంచి వచ్చిన అలవాటు అది.

రోటరీయే 2016లో నిబంధన సడలించి, నెలకి కనీసం రెండుసార్లు కలిస్తే చాలు, మిగతాది మీ ఇష్టం అని క్లబ్బులకే వదిలేసింది. మూల సంస్థే వదిలేసిన దాన్ని మనం ఎందుకు పట్టుకుని వేలాడాలి?

గంట కొట్టేవాణ్ణి:
ఇరవై రెండేళ్ళ సభ్యుణ్ణి, కాబట్టి నా మాట కొంచెం పాతగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. లెక్కల మనిషిగారు 1905 చెప్పి ఆగిపోయారు. నేను 1907 చెప్తాను. అదే షికాగో క్లబ్ తలపెట్టిన మొదటి ప్రజాసేవ ఏంటో తెలుసా? సిటీ హాల్ దగ్గర పబ్లిక్ టాయిలెట్లు. అప్పటికి వాళ్ళు కూడింది స్నేహం కోసం, ఒకరి వ్యాపారం ఒకరికి పనికొస్తుందని. సేవ మాట తర్వాత వచ్చింది. తరచూ ఎదురెదురుగా కూర్చునే మనుషులు కాబట్టే 'ఊళ్ళో ఇది లేదే' అన్న ఊసు వచ్చింది. ఆ టాయిలెట్లకి కూడా బార్ల యజమానులు, పెద్ద దుకాణాల వాళ్ళు 'మా దగ్గర ఉన్నాయిగా' అని అడ్డం తిరిగారు. అలాంటి దాన్ని ఒక ఆదివారం పొద్దున చీపుర్లు పట్టుకుని సాధించలేరు. కూర్చోవాలి, మాట్లాడాలి, మళ్ళీ కూర్చోవాలి.

రెండు వారాలకోసారి అంటారు. ఒకటి మిస్సయితే నెల రోజులు మొహం కనపడదు. రెండు మిస్సయితే ఆ మనిషి క్లబ్‌లో ఉన్నట్టా లేనట్టా? మా క్లబ్‌లో ఒకాయన భార్య పోయింది. ఆ వారం ఆయన రాలేదు. ఏనాడూ మీటింగ్ మానని మనిషి కాబట్టి, ఏమైందోనని నలుగురం అదే రాత్రి ఇంటికి వెళ్ళాం. నెలకి రెండు మీటింగులైతే 'పనిలో ఉన్నాడేమో' అనుకునేవాళ్ళం.

కొత్తగా చేరినామె:
నేను చేరి ఎనిమిది నెలలే. బ్లడ్ బ్యాంకులో పని చేస్తాను. రెండు మాటలు చెప్తా, మొదటిది పెద్దాయనకి కొంచెం గుచ్చుకోవచ్చు.

మీరు చెప్పే ఆ స్నేహం రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా నడుస్తుంది. ఆ టైముకి ఇంట్లో పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకోవడానికి ఇంకొకరు ఉన్నవాళ్ళే అందులో ఉండగలరు. రోటరీలో ఆడవాళ్ళని చేర్చుకోవచ్చని నిబంధన మారింది 1989లో, అదీ అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు ఇచ్చాక. 84 ఏళ్ళు పట్టింది తలుపు తెరవడానికి. తెరిచారు, సంతోషం. టైము మాత్రం పాతదే. 'హాజరు తక్కువ' అని నన్ను మూడుసార్లు అడిగారు, 'ఏ టైమైతే వీలవుతుందమ్మా' అని ఒక్కసారీ అడగలేదు.

రెండోది నా పని గురించి. ప్రతి క్లబ్బూ ఏడాదికోసారి పెద్ద రక్తదాన శిబిరం పెడుతుంది. బ్యానర్, మైకు, ఒకే రోజు బోలెడన్ని యూనిట్లు. అందరూ దాదాపు అవే రోజులు ఎంచుకుంటారు. ఇప్పుడు మా ఫ్రిజ్ వైపు నుంచి చూడండి. రక్తంలోంచి వేరు చేసిన ప్లేట్‌లెట్లు ఉండేది సుమారు ఐదు రోజులు. ఎర్రకణాలు, కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు. అంటే శిబిరం జరిగిన వారానికే ప్లేట్‌లెట్లు అయిపోతాయి, లేదా పారేస్తాం. నెలన్నర తర్వాత ఎర్రకణాలూ అంతే. ఈలోగా ఆ రోజు ఇచ్చినవాళ్ళని మళ్ళీ పిలవలేం, దేశాన్ని బట్టి, ఆడా మగా తేడాని బట్టి రెండు నుంచి నాలుగు నెలలు ఆగాలి. సరిగ్గా అప్పుడే ఎవరి అమ్మకో ప్లేట్‌లెట్లు కావాలని కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో నంబర్లు ఒక్కొక్కటీ నొక్కుతుంటాడు. ఆ మొహాలు నేను వారానికి రెండైనా చూస్తాను.

అదే వందమంది దాతలు వారానికి ఏడెనిమిది మంది చొప్పున వస్తే? అది ఫొటోకి పనికిరాదు. ఫ్రిజ్‌కి పనికొస్తుంది. కాబట్టి 'వారం వారం' అనేది మంచి అలవాటే అంటాను. ఆ అలవాటుని హాల్లో కుర్చీల మీద ఖర్చు పెట్టేస్తున్నాం, నా బాధ అది.

గంట కొట్టేవాణ్ణి:
గుచ్చుకుంది, ఒప్పుకుంటున్నా. టైము సంగతి మా తప్పే. కానీ అమ్మా, ఆ ఏడెనిమిది మందిని వారం వారం ఎవరు పంపుతారు? ఎక్కడ కూర్చుని తేలుస్తారు?

పాత కార్యదర్శి:
వాట్సాప్ గ్రూప్ ఉందిగా సార్.

గంట కొట్టేవాణ్ణి:
కిందటి ఏడాది మొక్కలు నాటే కార్యక్రమానికి మన గ్రూప్‌లోనే పెట్టారు. ముప్ఫై బొటనవేళ్ళు పైకి లేచాయి. ఉదయం ఏడింటికి గుంతల దగ్గర ఉన్నది ముగ్గురం, అందులో ఒకరు డ్రైవరు. ఎదురుగా కూర్చోబెట్టి 'నువ్వు వస్తున్నావా లేదా' అంటే మనిషి నీళ్ళు నమలలేడు. ఫోన్‌లో నమలొచ్చు.

(మీరెవరో ఇప్పుడు నాకు తెలిసిపోయింది కార్యదర్శిగారూ. స్టాప్‌వాచ్ పెట్టిన రోజు మీ పక్కనే కూర్చున్నా.)

బయటి మనిషి:
ఏ క్లబ్‌లోనూ లేను. ప్రభుత్వ బడిలో హెడ్‌మాస్టర్‌ని. సాయం అందుకునే వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి రాస్తున్నా.

మూడేళ్ళ క్రితం ఒక క్లబ్ వాళ్ళు మా బడిలో ఆడపిల్లలకి టాయిలెట్ బ్లాక్ కట్టించారు. మనసున్న మనుషులు, పని కూడా బాగా చేయించారు. రిబ్బన్ కత్తిరించారు, పిల్లలతో ఫొటోలు దిగారు. నాలుగు నెలలకి మోటారు కాలిపోయింది. నీళ్ళు లేవు. నీళ్ళు లేని టాయిలెట్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తాళం వేయించాను. ఆ తాళంచెవి ఇప్పటికీ నా టేబుల్ సొరుగులోనే ఉంది, సుద్దముక్కల పక్కన. గోడ మీద శిలాఫలకం మాత్రం తళతళలాడుతోంది. దాన్ని తుడవడానికి ఎవరినీ పెట్టలేదు, రాయే మంచిది వేశారు.

క్లబ్‌కి ఫోన్ చేశాను. 'మాస్టారూ, అది పోయిన ప్రెసిడెంట్‌గారి ప్రాజెక్టు. ఆయన పదవి జూన్‌తో అయిపోయింది. ఇప్పుడు కొత్త టీము, వాళ్ళది ఈ ఏడాది కంటి ఆరోగ్యం' అన్నారు. మర్యాదగానే అన్నారు. మోటారుకి అయ్యే ఖర్చు ఆ బిల్డింగు ఖర్చులో ఏ మూలకి? డబ్బు లేక ఆగలేదది. అది ఎవరి పనో తెలీక ఆగింది.

మీరు వారానికి ఎన్నిసార్లు కూర్చుంటారో నాకు అనవసరం. కూర్చున్నప్పుడు ఎవరైనా ఒక్కరు 'ఆ బడి ఎలా ఉంది' అని అడుగుతారా?

కొత్తగా చేరినామె:
మాస్టారూ, ఇది చదివి కాసేపు ఏమీ తోచలేదు.

లెక్కల మనిషి:
ఇక్కడ అసలు జబ్బు దొరికింది. రోటరీకైనా లయన్స్‌కైనా ఏడాది జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ప్రెసిడెంట్ మారతాడు, బోర్డు మారుతుంది, ఏడాది లక్ష్యం మారుతుంది. ప్రతి ప్రెసిడెంటూ తన పన్నెండు నెలల్లో ఏదో ఒకటి ప్రారంభించాలి. పాతదాన్ని బాగుచేస్తే రిబ్బన్ ఉండదుగా. మీటింగులు నాలుగైనా రెండైనా ఈ జబ్బు పోదు.

పోలియో చూడండి. రోటరీ 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకి చుక్కలు వేయించడంతో మొదలుపెట్టి, 1985లో పోలియోప్లస్ అని పెద్ద కార్యక్రమంగా ఎత్తుకుంది. అప్పటినుంచి ఎంతమంది ప్రెసిడెంట్లు మారారో, ఆ పని మాత్రం వదల్లేదు. 1988లో ప్రపంచమంతా కలిపి ఏడాదికి మూడున్నర లక్షల కేసులని అంచనా. అది 99 శాతానికి పైగా తగ్గిపోయింది.

గంట కొట్టేవాణ్ణి:
చూశారా, వారం వారం కూర్చున్న క్లబ్బులే కదా ఆ పని చేసింది!

లెక్కల మనిషి:
అంత లాగకండి సార్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రభుత్వాలు, ఐస్‌బాక్సు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు చేశారు. క్లబ్బులు డబ్బు పోగుచేశాయి, మనుషుల్ని ఇచ్చాయి, ముఖ్యంగా మర్చిపోనివ్వలేదు. ఆ చివరిదానికి మీటింగ్ పనికొచ్చి ఉంటే ఉండొచ్చు, అంతవరకు ఒప్పుకుంటా.

పాత కార్యదర్శి:
హెడ్‌మాస్టర్‌గారి పోస్టు చదివాక మా మినిట్స్ పుస్తకాలు దించాను. ఐదేళ్ళవి. దుమ్ముకి తుమ్ములు ఆగలేదు. 'వీల్‌చైర్ల పంపిణీ', 'కుట్టుమిషన్ల పంపిణీ', 'వినికిడి యంత్రాల పంపిణీ'. పంపిణీ అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టడం మధ్యలో ఆపేశా. పంపిణీ తర్వాత ఏమైందో ఒక్క వాక్యం లేదు. ఆ మినిట్స్‌లో రెండేళ్ళవి నా చేతిరాతే.

నిన్న వినికిడి యంత్రాలు తీసుకున్నవాళ్ళ జాబితా పట్టుకుని ఫోన్లు చేశాను. తొమ్మిది మంది దొరికారు. ఐదుగురు వాడట్లేదు. ముగ్గురికి బ్యాటరీ అయిపోయింది, ఎక్కడ కొనాలో తెలీదు. ఒకాయనకి చెవిలో గుచ్చుకుంటోంది. ఒకావిడ భద్రంగా బీరువాలో దాచిందట, 'పాడైపోతుందని బాబూ' అంది. గట్టిగా అరిచి మాట్లాడాల్సి వచ్చింది ఆవిడతో.

నా తీర్మానం మార్చుకుంటున్నా. నెలకి రెండు వారాలు హాల్లో, టైము ఆరున్నరకి. మిగతా రెండు వారాలు మనం ముందు చేసిన ఏదో ఒక పని దగ్గరే మీటింగ్, అక్కడే నిలబడి. హాజరు రెండిటికీ సమానం. క్లబ్ సేవాకార్యక్రమంలో పాల్గొంటే దాన్నీ హాజరుగా లెక్కలోకి తీసుకునే వీలు రోటరీలో ఎలాగూ ఉంది, కాబట్టి మనమేదో కొత్త సంప్రదాయం సృష్టించినట్టేమీ కాదు. హాల్లో మీటింగైతే మొదటి అంశం పాత పనులే, వక్త తర్వాతే.

కొత్తగా చేరినామె:
దీనికి నా ఓటు. దాతల జాబితా నేను చూసుకుంటా, వారానికి ఎనిమిది పేర్లు. ఆరున్నర అన్నారు కాబట్టి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వస్తా, అల్లరి చేస్తాడు, ముందే చెప్తున్నా.

గంట కొట్టేవాణ్ణి:
పిల్లాడి చేత గంట కొట్టిద్దాం. నేను తీర్మానానికి వ్యతిరేకంగా ప్రచారం చేసినవాణ్ణి, ఇప్పుడు ఓటెలా వేయాలో తెలియట్లేదు. వేస్తాలెండి.

బయటి మనిషి:
మోటారు సైజు ఒక హార్స్‌పవర్. ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నా.

పాత కార్యదర్శి:
మాస్టారూ, మీ బడి ఎక్కడో నాకు మెసేజ్ పెట్టండి. అది మా క్లబ్ కట్టింది కాదని నా నమ్మకం. కానీ మినిట్స్ చూశాక నా నమ్మకాల మీద నాకే నమ్మకం తగ్గింది.

ఓటింగ్ అయిపోయింది, ఆ సంగతి: 21 మంది వచ్చారు, ఈ ఏడాదిలో ఇదే ఎక్కువ. 14 అనుకూలం, 6 వ్యతిరేకం, ఒకరు 'ఆలోచించి చెప్తా' అన్నారు. దాన్ని ఏ ఖాతాలో వేయాలని అరగంట వాదించుకున్నాం.

లెక్కల మనిషి:
నెలలో ఐదో వారం వస్తే హాలా, బయటా?

పాత కార్యదర్శి:
అది ఎవరికీ తట్టలేదండీ. వచ్చే మీటింగులో పెడతా.