షెడ్డులో ఒలికిన ఆయిల్: పొట్టు చల్లాక మిగిలే జిడ్డును ఏం చేయాలి?

రేణిగుంట దగ్గర మాది చిన్న లారీ మెకానిక్ షెడ్డు. మొన్న 20 లీటర్ల హైడ్రాలిక్ ఆయిల్ క్యాన్ బోర్లా పడింది. కుర్రాడు కంగారులో బకెట్ నీళ్లు కుమ్మరించాడు. ఇంకేముంది, ఆయిల్ నీళ్లమీద తేలుతూ గుమ్మం దాటి వీధి కాలువ దాకా పోయింది. నా టెన్షనంతా అదే.

ఇప్పుడు ఇసుక బస్తా, రంపపు పొట్టు చేతికందేలా పెట్టాను. పొట్టు ఆయిల్ పీలుస్తుంది గానీ, సిమెంటు నేలమీద పల్చటి జిడ్డు మిగిలి చెప్పులు జర్రున జారుతున్నాయి. అది దేనితో వదులుతుందన్నా? ఆయిల్ పీల్చిన పొట్టు ఎవరికివ్వాలి? పాత ఇంజనాయిల్ కొనేవాళ్లు దీన్ని ముట్టుకోవడం లేదు. పక్క షెడ్డాయన తగలబెట్టేయమంటాడు, నాకు మనసొప్పట్లేదు. తిరుపతి, చిత్తూరు వైపు షెడ్లవాళ్లు ఏం చేస్తున్నారో కాస్త చెప్పండి.