పారాయణమా, పరాయణమా?

పద్యాభిమాని: ప్రజాస్వామ్యంలో అందరూ ఒప్పుకున్న నీతిని చట్టంగా పెడితే తప్పేంటని ఒకాయన వాదించారు. సాక్ష్యంగా తిక్కన గారి భారతంలోని ‘ఒరులేయవి యొనరించిన / నరవర యప్రియము తన మనంబున కగు దా / నొరులకు నవి సేయకునికి’ పద్యం (ఇతరులు ఏది చేస్తే మన మనసుకు నచ్చదో అది మనం వాళ్లకు చేయకుండా ఉండాలని) ఎత్తుకుని, చివర ‘పారాయణము పరమధర్మపథముల కెల్లన్’ అని చదివారు. నాకు ‘పరాయణము’ అని గుర్తు. రెండు రోజులుగా ఇదే తొలుస్తోంది. ఏది సరి? పద్యం ఆయన వాదానికి పనికొస్తుందా?

ఛందోమిత్ర: ‘పరాయణము’. సందేహమే లేదు. ఒరు, నర, నొరు అని మూడు పాదాలూ లఘువుతో, అంటే పొట్టి అక్షరంతో, మొదలైతే నాలుగోది ‘పా’ ఎలా అవుతుందండీ? మాత్ర కూడా ఒకటి ఎక్కువవుతుంది.

పాతప్రతి: అర్థం కూడా చూడండి మాస్టారూ. పారాయణం అంటే చదవడం. పరాయణం అంటే పరమగతి, ధర్మమార్గాలన్నీ చేరే చోటు. వల్లె వేయించడం వేరు, చేరుకోవడం వేరు. చట్టం చేయించగలిగేది మొదటిదే.

ఛందోమిత్ర: అర్థం సరే, కానీ నిర్ణయించేది ప్రాసే. ప్రాసలోని ‘ర’కు ముందు అక్షరం ఒక పాదంలో లఘువైతే అన్నిటా లఘువే కావాలి.

న్యాయవిద్యార్థి: నాకు ‘అప్రియము’ దగ్గర ఇబ్బంది. మనసుకు నచ్చనిదంతా నేరం కాకూడదు, హాని ఉండాలి. బ్రిటన్‌లో స్వలింగ సంపర్కం, వ్యభిచారం మీది చట్టాలను పరిశీలించిన 1957 నాటి వుల్ఫెండెన్ నివేదిక వ్యక్తిగత నీతిలో చట్టానికి పని లేని భాగం ఒకటి ఉందన్నది. సమాజం నిలిచేదే ఉమ్మడి నీతి మీద అని న్యాయమూర్తి డెవ్లిన్ ఎదురు వాదించారు, నివేదిక పక్షాన న్యాయతత్వవేత్త హార్ట్ ఆయనకు జవాబిచ్చారు.

పాతప్రతి: అంత దూరం ఎందుకమ్మా, ‘తన మనంబునకు’ అన్నారుగా. కొలత తన మనసే, పక్కవాడిది కాదు. పైగా ‘సేయకునికి’: సేయక ఉనికి, అంటే తాను చేయకుండా ఉండటం. ఇతరులను చేయనివ్వకపోవడం కాదు. ఆ ఒక్క ‘ఉనికి’ చాలు, పద్యం ఆయన చేతికి చిక్కదు.

న్యాయవిద్యార్థి: అలాగైతే దొంగతనం మీద చట్టం కూడా ఉండకూడదా? దొంగకు తన మనసు అడ్డు చెప్పనప్పుడు పోగొట్టుకున్నవాడికి ఎవరు దిక్కు?

పాతప్రతి: అక్కడ హాని ఉంది. మీరన్నదే.

ఛందోమిత్ర: ‘నరవర’ను అందరూ వదిలేశారు. అది రాజును పిలిచే పిలుపు. శిక్షించే దండం చేతిలో ఉన్నవాడికే చెప్పారు. తిక్కన స్వయంగా నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రి, పాలన తెలిసినవారు.

పాతప్రతి: ప్రాసలో ‘ర’ కోసం వచ్చిన సంబోధన అది!

ఛందోమిత్ర: తిక్కన ప్రాస కోసం మాట వేస్తారా? ఆయన సంబోధనలన్నీ వరుసగా చూద్దాం రండి. విరాటపర్వంతో మొదలుపెడతాను.