సాయంత్రం వేళ టర్కీ పుంజు అందడం లేదు, మాటు ఎక్కడ వేయాలి?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలో, యజమాని అనుమతితో ఒక ప్రైవేటు రాంచ్‌లో, ఈ వసంతకాలపు సీజనులో రియో గ్రాండే రకం అడవి టర్కీ కోళ్లను వేటాడుతున్నాను. వాగు ఒడ్డున అవి రాత్రిపూట వాలే ఎత్తైన పెకాన్ చెట్ల కింద రెట్టలు, ఈకలు దండిగా కనిపిస్తున్నాయి. చెట్టెక్కిన పక్షిని కొట్టే ఉద్దేశం నాకు లేదు. అక్కడ బెదిరిస్తే మంద ఆ చోటునే వదిలేయవచ్చు కూడా. అందుకే సుమారు 150 గజాల ఇవతల, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే మాటు వేస్తున్నాను. బాక్స్ కాల్ అనే చెక్క కూత పరికరంతో పెట్టలా కూసినా, పెట్ట బొమ్మను నిలిపినా, చప్పుడు చేయకుండా కూర్చున్నా, పుంజులు చివరి అరగంటలో పెట్టల వెనకే అవతలి గట్టు మీదుగా వచ్చి, షాట్‌గన్‌కు అందే 40 గజాల లోపలికి రాకుండానే టపటపమని కొమ్మలెక్కేస్తున్నాయి. మందను బెదరగొట్టకుండా వాటి దారికి అడ్డుపడాలంటే, అవతలి గట్టున ఆ చెట్లకు ఎంత దూరంలో మాటు వేయాలి?