ఘంటసాల కాలం నాటి 78 రికార్డులు, పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

రావిచెట్టు అరుగు (ప్రశ్న):
రిటైరయ్యాక పాత పాటల పెట్టె సర్దుతున్నాను. అందులో హెచ్.ఎం.వి., కొలంబియా లక్క రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి), కొన్ని 45 వేగం ఈపీలు, రేడియో నుంచి ఎక్కించుకున్న క్యాసెట్లు ఉన్నాయి. ఘంటసాల, పి. లీల, జిక్కి, ఎ.ఎం. రాజా, రాజేశ్వరరావు – బాలసరస్వతీదేవి లలితగీతాలు.

ఇవి నెట్‌లో లేవని కాదు. ఉన్నవాటిలో చాలావరకు గరగర తీసే తొందరలో గొంతునే గీకేశారు. ఘంటసాల మంద్రంలోకి దిగినప్పటి ఆ నిండుదనం, పద్యం చివర రాగం సాగదీస్తూ ఊపిరి అందుకునే చోటు, ఏదీ మిగల్లేదు. పైగా ఆ రోజుల్లో కొన్ని సినిమా పాటలు గ్రామఫోను కోసం విడిగా పాడించేవారు, మూడు నిమిషాలకు కుదించేవారు. ప్లేటు పగిలిందంటే ఆ పాఠం కూడా పోయినట్టే. అందుకే జాగ్రత్తగా చేయాలనుకుంటున్నాను.

ఎల్పీ ముల్లుతో 78 ప్లేట్లు వేయొచ్చా? వాటిని కడగొచ్చా? కీచుమనే క్యాసెట్లకు మందేమిటి? నా ప్లేయర్‌లో 33, 45 వేగాలే ఉన్నాయి.

ముల్లు–గాడి:
ముల్లు సంగతి ముందు తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. ఎల్పీ ముల్లు కొన దాదాపు 0.7 మిల్ ఉంటుంది, 78 గాడికి (పాట చెక్కిన గీతకి) 3 మిల్ కావాలి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). సన్న ముల్లు వెడల్పు గాడి అడుక్కి దిగిపోయి, అక్కడ పేరుకున్న దుమ్ము మీద ఈడ్చుకుంటూ పోతుంది. మీరు వినే గరగరలో సగం అదే. 3 మిల్ ముల్లు గాడి గోడల మీద ఆనుతుంది కాబట్టి గొంతు ముందుకొస్తుంది. ఆడియో–టెక్నికా ఎల్పీ120ఎక్స్ లాంటి మెషీన్‌లో మూడు వేగాలూ ఉన్నాయి. దాని కార్ట్రిడ్జ్‌కి (ముల్లు బిగించే చిన్న డబ్బీకి) వీఎం95 శ్రేణిలోని 78 ముల్లు సరిపోతుంది. ప్లేటు మీద ముల్లు ఆనే బరువు సుమారు 5 గ్రాములు పెట్టండి. ఎల్పీకి పెట్టే 2 గ్రాములకు వదిలేస్తే ముల్లు ఎగిరెగిరి పడుతుంది. తాళం తిప్పే పాత గ్రామఫోను మీద మాత్రం ఈ ప్లేట్లు ఇక వేయకండి. దాని సౌండ్‌బాక్స్ (ముల్లు పట్టుకునే గుండ్రటి డబ్బా) బరువుకి, ఇనప ముల్లుకి వేసిన ప్రతిసారీ గాడి అరుగుతుంది.

కడగొచ్చు. కానీ లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వకండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడిచి, నిలబెట్టి ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. ఎండలో పెడితే ప్లేటు వంకరపోతుంది.

78 వేగం లేదన్నారు. ముల్లు మార్చి 45లో వేసి, రికార్డు చేశాక ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో 45 నుంచి 78కి మార్చుకోవచ్చు, అంటే 1.733 రెట్లు. అయితే ప్లేయర్‌లోని ఆర్ఐఏఏ దిద్దుబాటు (బాస్ పెంచి ట్రెబుల్ తగ్గించే సర్దుబాటు) తప్పు వేగంలో పడుతుంది కాబట్టి బాస్, ట్రెబుల్ తేడా చేస్తాయి. ఒకటి రెండు ప్లేట్లకు ఫరవాలేదు, పెట్టె మొత్తానికి వద్దు.

శ్రుతిపెట్టె:
వేగం గురించి ఒక మాట. 78లో నాలుగున్నర చుట్లు తేడా వస్తే అర శ్రుతి మారిపోతుంది, ఒకటో శ్రుతిలో పాడింది ఒకటిన్నరలో వినిపిస్తుంది. జిక్కి పాట చిన్నపిల్ల పాడినట్టుందంటే మొదట అనుమానించాల్సింది వేగాన్నే. మన 50 హెర్ట్జ్ కరెంటుకి 77 గీతల స్ట్రోబ్ కాగితం (వేగం చూసే గుండ్రటి గీతల కాగితం) ముద్రించుకుని, ప్లేటు మీద పెట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు కింద తిప్పి చూడండి. గీతలు కదలకుండా నిలిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఇది పనిచేయదు.

టేపుమేస్త్రి:
క్యాసెట్ల పని ఇలా మొదలుపెట్టండి. పైనున్న రెండు ప్లాస్టిక్ పళ్లు విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ పడ్డా పాట చెరగదు. తెల్లటి బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకోండి, ఆ క్యాసెట్‌ని మంచివాటితో కలపకండి. ప్లే చేసేముందు ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టండి. అతుక్కున్న పొరలు విడతాయి.

కీచుమంటుంటే ఐదు స్క్రూలనూ పావు చుట్టు వదులు చేసి చూడండి. తగ్గకపోతే రెండు చక్రాలనూ టేపుతో సహా ఖాళీ స్క్రూ క్యాసెట్ డొక్కులోకి మార్చేయండి. స్క్రూలు లేకుండా అంటించిన రకమైతే బ్లేడుతో అతుకు వెంబడి విప్పాలి. శబ్దం మందంగా, ఆగి ఆగి వస్తుంటే టేపుని హెడ్‌కి ఆనించే చిన్న స్పాంజి ఊడిపోయి ఉంటుంది. మరో క్యాసెట్‌లోంచి తీసి అమర్చండి. తెగిన టేపుకి సెల్లోటేప్ అసలు వద్దు. జిగురు కారి హెడ్‌కి అంటుకుంటుంది. టేపు అతకడానికే ఉండే స్ప్లైసింగ్ టేప్ వాడండి.

అన్నిటికన్నా ముఖ్యం హెడ్ పక్కనున్న అజిమత్ స్క్రూ, అంటే హెడ్ కోణం సర్దేది. ఒక్కో క్యాసెట్ ఒక్కో మెషీన్‌లో ఎక్కింది కాబట్టి హెడ్ కోణం వేరువేరుగా ఉంటుంది. మోనోలో వింటూ 'స', 'శ' అక్షరాలు బాగా పదునుగా పలికేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. తిప్పేముందు స్క్రూ ఉన్న చోటు గుర్తు పెట్టుకోండి. పోయిందనుకున్న ట్రెబుల్ చాలాసార్లు దీంతోనే తిరిగొస్తుంది. చవక యూఎస్‌బీ వాక్‌మన్‌లలో వేగం ఊగుతుంది, వీణ, వయొలిన్ వణుకుతాయి. బెల్టు మార్పించిన పాత డెక్కే నయం.

రావిచెట్టు అరుగు:
అందరికీ ధన్యవాదాలండీ. ల్యాప్‌టాప్‌కి మైక్ సాకెట్ ఒకటే ఉంది, అందులో పెట్టొచ్చా? గరగర ఎంతవరకు తీయాలి?

ముల్లు–గాడి:
మైక్ సాకెట్ వద్దండీ. శబ్దం పగిలిపోతుంది, పైగా చాలావాటిలో అది మోనో. బెరింగర్ యూసీఏ222 లాంటి లైన్–ఇన్ ఉన్న యూఎస్‌బీ పెట్టె కొనండి. పెద్ద శబ్దం కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 78 ప్లేటునైనా స్టీరియోలోనే ఎక్కించండి, గాడి రెండు గోడల్లో ఒకటి తక్కువ అరిగి ఉండొచ్చు. మంచి వైపు ఉంచుకోండి, రెండూ సమానంగా ఉంటే కలిపి మోనో చేయండి. కలిపితే పైకీ కిందికీ వచ్చే గురగుర చాలావరకు రద్దవుతుంది.

శుభ్రం చేయని అసలు ప్రతిని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైలుగా) దాచి, దిద్దుబాటు నకలు మీదే చేయండి. ముందు టిక్కుటిక్కులు తీయాలి, ఆ తర్వాతే నాయిస్ రిడక్షన్. పాట మొదలవకముందు ఒట్టి గాడి శబ్దం ఒకటి రెండు సెకన్లు నమూనాగా ఇచ్చి, 6 డెసిబెల్స్ దగ్గర ఆపండి. 12 దాటితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. మీరు నెట్‌లో విన్నది అదే.

శ్రుతిపెట్టె:
ఫైలు పేర్లలో గాయకుణ్ణి, సంగీత దర్శకుణ్ణి, కవిని విడివిడిగా రాయండి. ఘంటసాల గాయకుడిగా, సంగీత దర్శకుడిగా రెండు చోట్లా వస్తారు. ఎ.ఎం. రాజా కూడా అంతే, 'పెళ్ళికానుక' (1960)కు సంగీతం ఆయనదే. 'మాయాబజార్' (1957) సంగీతం ఘంటసాల పేరు మీద ఉన్నా, కొన్ని వరసలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. లేబుల్ మీది రికార్డు నంబరూ, లేబుల్ చుట్టూ ఖాళీ జాగాలో చెక్కిన మాట్రిక్స్ నంబరూ రెండూ ఎక్కించండి. రెండు ప్లేట్లలో ఉన్నది ఒకే రికార్డింగా, విడిగా పాడించిందా అన్నది మాట్రిక్స్ నంబరును బట్టే తెలుస్తుంది. లేబుల్ ఫొటో కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి.